చిన్న పడవ గ్యాలీలో (వంటగదిలో) సింక్ మార్చడం: చుక్క నీరు దిగకుండా, మళ్ళీ ఊడదీయగలిగేలా

పోయిన ఏప్రిల్‌లో పాత సింక్ అంచు పక్కన స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొంచెం నొక్కాను. నానిన అటుకుల్లో చెంచా దిగినట్టు దిగిపోయింది. పైన లామినేట్ నిగనిగలాడుతూనే ఉంది. దాని కింద ప్లైవుడ్ మాత్రం నల్లబడి, వానకు తడిసిన కట్టెల వాసన కొడుతోంది. అక్కడ ఎన్నేళ్లుగా నీళ్లు దిగుతున్నాయో తెలియదు. బయటికి మాత్రం ఒక్క చుక్క కూడా కారలేదు.

మాది 27 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ సెయిల్‌బోట్. అమెరికా తూర్పు తీరంలో, అనాపొలిస్ దగ్గర చెసపీక్ బేలో ఉంటుంది. చలికాలంలో నీళ్లలోంచి తీసి స్టాండ్ల మీద నిలబెడతారు. వసంతంలో మళ్ళీ దించేలోపు ఇలాంటి పనులన్నీ ముగించుకోవాలి. ఈ పని నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి తొందరపడి ఒక సీజన్‌లోనే మళ్ళీ విప్పాల్సి వచ్చింది. రెండోసారి నాలుగు వారాంతాలు పట్టినా సరిగ్గా కుదిరింది. ఇక్కడ రాస్తున్నది రెండోసారి చేసిన పద్ధతి.

ముందుగా ఒక మాట. సింక్ చుట్టూ పూసే సీలెంట్‌ను జిగురు అనుకోవద్దు. సింక్‌ను కదలకుండా పట్టి ఉంచాల్సినవి క్లిప్పులూ బోల్టులూ. సీలెంట్ పని వాషర్ పని: రెండు గట్టి వస్తువుల మధ్య మెత్తగా కూర్చుని నీటికి దారి ఇవ్వకపోవడం. ఈ తేడా పట్టుకుంటే ఏ ట్యూబు కొనాలి, ఎంత బిగించాలి, ఎప్పుడు ఆగాలి అన్నవి తేలిగ్గా తెలుస్తాయి.

పడవ నీళ్లలోనే ఉంటే

వీలైతే ఈ పని పడవ ఒడ్డున ఉన్నప్పుడే చేయండి. తప్పదంటే సింక్ పైపు మీద చెయ్యి వేసే ముందు దాని సీకాక్ (పడవ గోడలోని రంధ్రాన్ని మూసే వాల్వు) మూసేయండి. చాలా పడవల్లో సింక్ నీళ్లు బయటికి వెళ్లే రంధ్రం నీటిగీతకు (పడవ బయట నీళ్లు తాకే మట్టానికి) కిందే ఉంటుంది. అంగుళంన్నర రంధ్రం రెండడుగుల లోతులో తెరుచుకుంటే నిమిషానికి 100 లీటర్లకు పైనే నీళ్లు లోపలికి వస్తాయి. బిల్జ్‌లో, అంటే పడవ అడుగున, చేరిన నీళ్లు తోడే మామూలు పంపు దాన్ని తోడలేదు. సీకాక్ మూశాక పైపు క్లాంపును కొంచెమే వదులు చేసి చూడండి. సన్నటి ధార ఆగకుండా వస్తుంటే సీకాక్ పూర్తిగా మూసుకోలేదని అర్థం. వెంటనే క్లాంపు బిగించేసి, పని ఒడ్డుకి చేరాకే పెట్టుకోండి. ఆ రంధ్రానికి సరిపడే మెత్తని చెక్క బిరడా ఒకటి తాడుతో సీకాక్‌కి కట్టి ఉంచండి. ఎక్కడో సొరుగులో పడి ఉన్న బిరడా ఆ నిమిషంలో చేతికి దొరకదు.

కొలతలు

కొత్త సింక్ కొనేటప్పుడు అందరూ పొడవు, వెడల్పు చూస్తారు. పడవలో అంతకంటే ముఖ్యమైనది లోతు. ఇంట్లో సింక్ ఎంత లోతున్నా నీళ్లు కిందికే పోతాయి. పడవలో సింక్ అడుగు నీటిగీతకు దగ్గరైతే, గాలికి పడవ ఒకవైపు ఒరిగినప్పుడు బయటి నీళ్లు అదే పైపులోంచి పైకి వస్తాయి. గిన్నెలు కడుక్కునే సింక్‌లో బే నీళ్లు తేలుతుంటాయి. సింక్ పడవ మధ్యగీతకు ఎంత దూరంగా ఉంటే ఈ ఇబ్బంది అంత ఎక్కువ.

నీటిగీత ఎక్కడుందో లోపలి నుంచే తెలుసుకోవచ్చు. పడవ నీళ్లలో ఉన్నప్పుడు సీకాక్ మూసి, సింక్ పైపు తీసి, దాని స్థానంలో పారదర్శకమైన గొట్టం క్లాంపుతో బిగించి నిలువుగా పైకి పట్టుకోండి. తర్వాత సీకాక్ మెల్లగా తెరిస్తే గొట్టంలో నీళ్లు ఎక్కడ ఆగుతాయో అదే నీటిగీత. అక్కడి నుంచి వంటగట్టు పైభాగం దాకా ఎంత ఎత్తుందో టేపుతో కొలిచి రాసుకోండి. పడవను ఒడ్డుకి తీయడానికి ముందే, శరత్కాలంలోనే ఈ కొలత తీసుకోవాలి. మా పడవలో పాత సింక్ లోతు ఆరంగుళాలు. ఎనిమిదంగుళాలది చూసి మనసుపడ్డాను గానీ, ఈ లెక్క చూశాక మళ్ళీ ఆరంగుళాలదే కొన్నాను.

మిగతావి త్వరగా అయిపోతాయి. అంచు నుంచి అంచుకి ఎంత, గట్టులో కోసిన రంధ్రం ఎంత, డ్రెయిన్ రంధ్రం మధ్యలో ఉందా పక్కకి ఉందా, కింద అలమరలో పైపు మలుపు తిరగడానికి చోటుందా అన్నవి చూసుకోండి. ఇళ్లలో వాడే పెద్ద సింకులకు డ్రెయిన్ రంధ్రం మూడున్నర అంగుళాలుంటుంది. చిన్న పడవ సింకులకు ఎక్కువగా రెండంగుళాల దగ్గర ఉంటుంది. జాలీని సింక్‌తో పాటే కొనుక్కుంటే వెతుకులాట తప్పుతుంది.

స్టీలు విషయంలో, ఉప్పునీటి మీద తిరిగే పడవకు 316 రకం దొరికితే మంచిది. 304 కూడా లోపల, మంచినీళ్లతో కడిగే చోట బాగానే నిలుస్తుంది. గేజ్ సంఖ్య తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుందని మర్చిపోవద్దు. 22 గేజ్ రేకు అంచు బిగించేటప్పుడే అలలా వంగుతుంది. అలా వంగిన అంచు కింద ఏ సీలెంటూ సమంగా కూర్చోదు. 18 గేజ్‌కి కొంచెం ఎక్కువ డబ్బు పెట్టడం ఇక్కడ దండగ కాదు.

పాతది తీయడం

ముందు కింది నుంచి పైపు, క్లిప్పులు విప్పి, అన్నీ ఫోటో తీసుకోండి. తర్వాత అంచు కిందున్న సీలెంట్ సంగతి. మాకంటే ముందు ఈ పడవ ఉన్నవాళ్లెవరో దాన్ని 3M కంపెనీ 5200 సీలెంట్‌తో అతికించారు. అది చాలా మంచి సరుకే. కానీ శాశ్వతంగా అతకాల్సిన చోట్ల కోసం చేసింది. సింక్‌కి వాడితే తీసేటప్పుడు సీలెంట్ కంటే ముందు గట్టే ఊడి వస్తుంది.

పలుగులాంటిది దూర్చి ఎత్తొద్దు, లామినేట్ పగులుతుంది. పలుచటి పుట్టీ కత్తిని హీట్ గన్ తక్కువ వేడి మీద కాచి, అంచు కింద కొద్దికొద్దిగా తోయండి. మూల తెరుచుకున్నాక గిటారు తీగ రెండు చివరలా చిన్న కర్రలు కట్టి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని రంపంలా లాగండి. తెరుచుకున్న సందులో సన్నటి చెక్క ముక్కలు దూర్చుతూ పోతే అది మళ్ళీ అతుక్కోదు. నాకూ మా అమ్మాయికీ ఇందుకు దాదాపు మూడు గంటలు పట్టింది. చేతులకు మందపాటి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. తీగ తెగితే ఎటు ఎగురుతుందో చెప్పలేం.

గట్టు ఆరోగ్యం

సింక్ తీశాక కోసిన అంచు బయటపడుతుంది. ఇక్కడ ఆగి తీరిగ్గా చూడండి. స్క్రూడ్రైవర్ పిడితో అంగుళానికో దెబ్బ చొప్పున తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ప్లైవుడ్ టక్కుమంటుంది, నానింది దబ్ మంటుంది. మెత్తబడ్డ చోట పెన్సిల్‌తో గీత గీయండి. మా గట్టులో వెనక మూల నుంచి నాలుగంగుళాల మేర కుళ్లిపోయింది.

కుళ్లినదంతా ఉలితో తీసేయాలి, మిగిలింది పూర్తిగా ఆరనివ్వాలి. "ఆరినట్టే ఉంది" అనుకుని మొదటిసారి నేను మోసపోయాను. పైన పొడిగా కనిపించినా పొరల మధ్య తడి ఉండిపోతుంది. దాని మీద ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్) పూస్తే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే. సాయంత్రం ఒక పారదర్శక ప్లాస్టిక్ ముక్కను అక్కడ పరిచి, నాలుగు వైపులా టేపు వేయండి. పొద్దున్నే దాని లోపలివైపు తేమ పట్టి కనిపిస్తే ఇంకా ఆరలేదు. చిన్న ఫ్యాను పెట్టి మాకు తొమ్మిది రోజులు ఆరబెట్టాల్సి వచ్చింది. మధ్యలో వాన పడ్డ రెండు రోజులూ డీహ్యుమిడిఫయర్ కూడా నడిపాం.

ఆరాక పోయిన చోట కొత్త మెరైన్ ప్లైవుడ్ ముక్క కోసి పెట్టండి. ఎపాక్సీని ముందు పలుచగా, ఏమీ కలపకుండా బ్రష్‌తో పూయాలి. అది చెక్కలోకి ఇంకుతుంది. అది ఇంకా జిగటగా ఉండగానే, చిక్కబరిచే పొడి కలిపి వేరుశనగ బటర్‌లా చేసిన ఎపాక్సీతో ముక్కను కూర్చండి. ఎపాక్సీని లోతైన కప్పులో ఎక్కువసేపు ఉంచితే దానంతటదే వేడెక్కి, పొగలొచ్చి గడ్డకడుతుంది. కలిపిన వెంటనే పళ్లెంలో పలుచగా పరిస్తే పని చేసుకోవడానికి టైం దొరుకుతుంది.

కొత్త రంధ్రం

కొత్త సింక్‌తో కాగితపు అచ్చు వస్తే దాన్ని నమ్మేముందు సింక్ మీద పెట్టి సరిచూసుకోండి. రాకపోతే సింక్‌ను అట్టముక్క మీద బోర్లించి గీసుకోండి. గిన్నె గోడ చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ, అంచు గట్టు మీద కనీసం సెంటీమీటరు ఆనడం, ఈ రెండూ కుదరాలి. పాత రంధ్రం పెద్దదైతే లోపలివైపు చెక్క పట్టీ అతికించి ముందు చిన్నది చేయాలి. అంచు అరకొరగా ఆనేలా సర్దుకోవద్దు.

కోసే గీత మీద మాస్కింగ్ టేపు వేయండి, జిగ్‌సా అడుగు పలకకు కూడా వేయండి. పళ్లు కిందివైపు తిరిగి ఉన్న బ్లేడు వాడితే లామినేట్ అంచు చిట్లదు. నాలుగు మూలలా ముందు గుండ్రంగా డ్రిల్ చేసి, తర్వాత ఒక రంధ్రం నుంచి ఇంకొకదానికి కోయండి. కోత చివరికొచ్చేసరికి ముక్కను కింది నుంచి ఇంకొకరు పట్టుకోవాలి. లేకపోతే దాని బరువుకే మూల చీరుకుపోతుంది. ముక్కుకి మాస్కు, పక్కనే వాక్యూమ్ ఉంచుకోండి. ఆ పొడి బిల్జ్‌లోకి జారితే పంపులో చేరి ఇరుక్కుంటుంది.

ఇక అసలు పని: కొత్తగా కోసిన అంచు మొత్తానికి ఎపాక్సీ మూడు పూతలు. ప్లైవుడ్ పక్కభాగం నీళ్లను ఒత్తులా పీలుస్తుంది. ఎపాక్సీ ఆరాక పైన కొన్నిసార్లు మైనంలా జారుడు పొర ఏర్పడుతుంది. తర్వాతి పూతకు ముందు దాన్ని నీళ్లతో, గరుకు స్పాంజితో కడిగి తుడవాలి. స్క్రూలు, బోల్టులు వచ్చే చోట పెద్ద రంధ్రం చేసి ఎపాక్సీతో నింపి, ఆరాక మధ్యలో మళ్ళీ సరైన సైజు డ్రిల్ చేయండి. అప్పుడు స్క్రూ చుట్టూ ఎపాక్సీయే ఉంటుంది, చెక్క తగలదు. ఇలా చేస్తే, రేపు సీలెంట్ ఒక చోట ఓడిపోయినా నీళ్లు తాకడానికి చెక్కే ఉండదు. ఈ ఒక్కటి చేసి ఉంటే మా పాత గట్టు బతికేది.

ఏ సీలెంట్?

ఈ ప్రశ్న మీద రేవులో ఎవరిని అడిగినా ఒక్కో జవాబు వస్తుంది. నాకు తెలిసినంత ఇది.

సిలికాన్ చౌక, వేడికి తట్టుకుంటుంది, వంటింటి రకాల్లో బూజు పట్టకుండా మందు కూడా కలుపుతారు. కానీ ఒకసారి పూసిన చోట కనిపించని పొర వదిలిపెడుతుంది. దాని మీద తర్వాత పెయింట్, ఎపాక్సీ, వేరే సీలెంట్ ఏదీ సరిగ్గా అంటుకోదు. పడవలో రేపు ఏ చోట ఏం అతికించాల్సి వస్తుందో చెప్పలేం కాబట్టి నేను వాడను.

పాలీసల్ఫైడ్ చెక్కకూ లోహానికీ మంచిదే గానీ కొన్ని ప్లాస్టిక్‌లను తినేస్తుంది. జాలీ, ఫిట్టింగులు ప్లాస్టిక్‌వైతే దాని జోలికి పోవద్దు. బ్యూటైల్ టేపు డెక్ మీద ఫిట్టింగులకు నాకు చాలా ఇష్టం. ఎన్నేళ్లైనా గట్టిపడదు. సింక్ అంచు కింద మాత్రం, మరుగుతున్న నీళ్లు వంచే చోట, మెత్తబడి బయటికి జారుతుంది. ప్లంబర్ పుట్టీ అసలు వద్దు. కదులుతూ ఉండే పడవలో ఎండి బీటలిస్తుంది.

మిగిలినవి రెండు. 3M కంపెనీ 4200 లాంటి మధ్యస్థ పట్టున్న పాలీయురిథేన్ ఒకటి, అదే కంపెనీ 4000 యూవీ లాంటి హైబ్రిడ్ ఒకటి. రెండూ గట్టిగానే పడతాయి, అవసరమైతే కత్తితో కోసి తీయొచ్చు. నేను 4200 వాడాను. ట్యూబు మీద గడువు తేదీ చూసి కొనండి. ఇవి గాలిలోని తేమతో గట్టిపడే రకాలు. ఒకసారి తెరిచిన ట్యూబు వచ్చే ఏటికి దాచుకుంటే లోపలే రాయి అయిపోతుంది.

డ్రెయిన్ ముందు, సింక్ తర్వాత

సింక్‌ను గట్టులో కూర్చోబెట్టకముందే జాలీ బిగించండి. ఒళ్లో పెట్టుకుని పది నిమిషాల్లో అయ్యే పని, అలమరలో తల దూర్చి చేస్తే గంట పడుతుంది. జాలీ పై అంచు కింద సీలెంట్ ఒక వరస, సింక్ అడుగున రబ్బరు వాషర్, దాని కింద పలుచటి ఫైబర్ వాషర్, చివర నట్టు, ఇదే క్రమం. ఫైబర్ వాషర్ వదిలేస్తే నట్టు తిరిగేటప్పుడు రబ్బరు కూడా మెలిపడి ఒక పక్క పైకి లేస్తుంది. పైన జాలీ తిరగకుండా ఒకరు పట్టుకోవాలి, కింద నట్టు మాత్రమే తిరగాలి. మర్నాటికి సీలెంట్ గట్టిపడ్డాక కింద మూతేసి సింక్ నిండా నీళ్లు పోసి, నాలుగు గంటలు రెండు చెక్కల మీద నిలబెట్టండి. లీకు ఉంటే ఇక్కడే దొరుకుతుంది.

అంచు సీల్ చేసే రోజు

ముందు సీలెంట్ లేకుండా సింక్ పెట్టి చూడండి. నాలుగు మూలలూ నొక్కితే ఎక్కడా ఊగకూడదు. అంచు చుట్టూ గట్టు మీద ఒక మాస్కింగ్ టేపు, సింక్ అంచు మీద ఇంకో టేపు, మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు వదిలి వేయండి. తర్వాత సింక్ తీసేయండి.

రెండు వైపులా శుభ్రంగా తుడవాలి. స్టీలుకి అసిటోన్ సరిపోతుంది. పాలీయురిథేన్ వాడుతుంటే ఆల్కహాల్ మాత్రం ముట్టుకోవద్దు. ఆల్కహాల్ మిగిలితే ఆ సీలెంట్ గట్టిపడదు. మొదటిసారి నేను చేసిన తప్పు ఇదే. స్పిరిట్‌తో తుడిచి, వెంటనే పూశాను. నెల తర్వాత కూడా అంచు కింద చూయింగ్ గమ్‌లా సాగుతూ ఉంది.

ట్యూబు మూతిని ఆరు మిల్లీమీటర్ల రంధ్రం వచ్చేలా ఏటవాలుగా కోయండి. సింక్ అంచు కిందివైపు, ఎక్కడా తెగకుండా ఒకే ధారగా పూయాలి. మొదలూ చివరా ఒకదానిమీద ఒకటి ఎక్కాలి. బోల్టు రంధ్రాలు ఉంటే ఒక్కోదాని చుట్టూ విడిగా ఒక ఉంగరం పూయండి. తర్వాత సింక్‌ను తిన్నగా పైనుంచి దించాలి. పక్కకి జరిపితే ధార తెగి గాలి దారులు మిగులుతాయి.

మా అమ్మాయి కింద అలమరలో వెల్లకిలా పడుకుని నుదుటి మీద లైటు పెట్టుకుని క్లిప్పులు తిప్పింది, నేను పైన చేత్తో నొక్కి పట్టుకున్నాను. ఎదురెదురు క్లిప్పులు జంటగా, ఒక్కోసారి అర చుట్టు. చుట్టూ సమానంగా సన్నటి తెల్లటి గీత పిండుకుని వస్తే ఆగిపోవాలి. "ఇంకో చుట్టు తిప్పనా నాన్నా?" అని అడిగింది. అక్కడే ఆపించాను. ఇంకా బిగిస్తే సీలెంట్ అంతా బయటికి వచ్చేసి, లోహానికీ లామినేట్‌కీ మధ్య ఏమీ మిగలదు. పలుచగానైనా ఒక మిల్లీమీటరు పొర లోపల ఉండాలి.

పిండుకొచ్చినదాన్ని ప్లాస్టిక్ చెంచా వీపుతో ఒకేసారి లాగి నున్నగా చేసి, అది తడిగా ఉండగానే టేపులు తీసేయండి. ఆరాక తీస్తే అంచు కూడా లేచి వస్తుంది. ఇక దాన్ని ముట్టుకోవద్దు. 4200లో ఫాస్ట్ క్యూర్ రకమైతే ఒక రోజు, మామూలు రకమైతే ట్యూబు మీద రాసినన్ని రోజులు ఆగండి. పది డిగ్రీల కంటే చలిగా ఉంటే ఇంకా ఎక్కువ. పూర్తిగా గట్టిపడ్డాక క్లిప్పుల్ని ఒక్కోటీ పావు చుట్టు బిగించండి. ఇప్పుడది నిజంగా వాషర్‌లా నొక్కుకుంటుంది. బోల్టులైతే కింద నట్టునే తిప్పాలి. బోల్టు తిరిగితే దాని మెడ చుట్టూ పట్టిన సీలెంట్ ఊడిపోతుంది.

పైపు, సీకాక్

ఇళ్లలోలాగా వంపు తిరిగిన ట్రాప్ పడవలో అక్కర్లేదు. పైపు ఎక్కడా కుంగకుండా నేరుగా దిగాలి. కుంగిన చోట నీళ్లు నిలిచి మూడో రోజుకే వాసన వస్తుంది. లోపల తీగ ఉన్న మందపాటి మెరైన్ పైపు వాడండి. పైపు ఎక్కకపోతే చివరను వేడినీళ్లలో ముంచి, కొంచెం డిష్ సోప్ రాసి తొయ్యండి. నీటిగీత కింద ప్రతి చివరా రెండు క్లాంపులు, స్క్రూలు ఎదురెదురు దిక్కుల్లో. రెండో క్లాంపు ఫిట్టింగు చివర దాటి పైపు మీదే పడుతుంటే అది పైపును కోస్తుంది తప్ప పట్టుకోదు. అలాంటప్పుడు పొడుగు మూతి ఉన్న ఫిట్టింగు మార్చుకోవాలి.

పడవ ఒడ్డున ఉంది కాబట్టి సీకాక్‌ను కూడా చూసేయండి. పిడి సులువుగా తిరగాలి. కొంచెం గీకి చూస్తే కంచు బంగారు గోధుమ రంగులో ఉంటుంది. గులాబీ రంగు కనిపిస్తే అందులో జింక్ కరిగిపోయిన ఇత్తడి ఉన్నట్టు. అది ఒకరోజు చేతిలోనే విరుగుతుంది. అమెరికన్ పడవల ప్రమాణం ప్రకారం సీకాక్ 500 పౌండ్ల బరువును 30 సెకన్లు తట్టుకోవాలి. ఇంత చూసుకునేది ఊరికే కాదు, పక్కకి ఒరిగిన పడవలో ఎవరైనా పట్టు దొరక్క దాని మీదే కాలు వేస్తారు.

పరీక్ష

అలమరలో సింక్ చుట్టూ, పైపు అతుకుల కింద పొడి టిష్యూ కాగితాలు పరవండి. సింక్ నింపి ఒక రాత్రి ఉంచండి. పొద్దున ఒక్కసారిగా వదిలేయండి, నీళ్ల బరువు మొత్తం పైపు మీద పడాలి. తర్వాత గట్టు మీద అంచు చుట్టూ మగ్గుతో నీళ్లు పోసి పావుగంట నిలవనివ్వండి. టిష్యూ మీద నాణెం అంత మచ్చ కూడా ఉండకూడదు.

పడవ దించిన రోజు మొదటి గంటలో రెండుసార్లు సీకాక్ దగ్గర వేలు పెట్టి చూడండి. మొదటిసారి తెరచాప ఎత్తినప్పుడు పడవను రెండు వైపులా ఒరగనిచ్చి, ఏ వైపు ఒరిగితే సింక్‌లోకి నీళ్లు వస్తున్నాయో గమనించండి. మా పడవ కుడివైపు బాగా ఒరిగినప్పుడు జాలీలో కొద్దిగా నీళ్లు కనిపిస్తాయి. అందుకే గాలి పెరగగానే సింక్ సీకాక్ మూయడం మా అమ్మాయి బాధ్యత అయింది.

అలమర తలుపు లోపలివైపు పెన్సిల్‌తో నాలుగు ముక్కలు రాశాం: నెల, సంవత్సరం, 4200, కింద ఎనిమిది క్లిప్పులు, కత్తితో కోస్తే వస్తుంది.